తలుపున్న పొలము

హైదరాబాదు నుండి చేవెళ్ల, శంకరపల్లి వైపు ప్రయాణించేవారికి దారికి ఇరుప్రక్కలా తెల్లని ప్లాస్టిక్ కప్పులతో పెద్ద గుడారముల వంటి కట్టడములు కనిపిస్తున్నవి. రైతులు వీటిని పాలీహౌస్‌లు అంటారు; పుస్తకముల భాషలో హరితగృహములు. ఎండను వడగట్టి, వానను ఆపి, గాలిని అదుపులో ఉంచి, లోపల కాప్సికం, కీరదోస, జెర్బెరా పూలు పండిస్తారు. మన ఇండ్లలో పెండ్లి పందిరికైనా, వలీమా వేదికకైనా నేడు ఈ పూలే అలంకారము. తెలంగాణ రాష్ట్రము 2014లో ఏర్పడిన తరువాత ప్రభుత్వము ఈ సేద్యమునకు నూటికి 75 వంతుల వరకు రాయితీ ఇచ్చి ప్రోత్సహించినది. తక్కువ నేలలో, తక్కువ నీటితో ఎక్కువ పంట తీయగల ఈ పద్ధతి హర్షించదగినదే.

కాని ఆ పూల అందమును గురించి మాట్లాడుకొన్నంతగా, ఆ పూల మధ్య రోజంతా ఊపిరి పీల్చే మనిషిని గురించి మనము మాట్లాడుకోలేదు. మా విద్యార్థి ఒకరి తల్లి అటువంటి చోట కూలిపనికి వెళ్తుంది. మందు కొట్టిన మరునాడు ఉదయము లోపల ఎట్లుంటుందని అడిగినప్పుడు ఆమె చెప్పిన మాటలివి: “లోపటికి పోంగనే తల తిరుగుతది సార్. కండ్లు మసకబడుతయి. బయటికొచ్చి కూసుంటె జర సర్దుకుంటది. అది ఏం మందో మాకేమెరుక?”

ఈ చివరి ప్రశ్నయే ఈ వ్యాసమునకు కారణము.

తల తిరుగుట, చూపు మసకబారుట, నోట నీరూరుట, చెమట పట్టుట, కడుపులో వికారము - ఇవి ఆర్గనోఫాస్ఫరస్ కుటుంబమునకు చెందిన పురుగుమందుల విషప్రభావములో తొలి లక్షణములు. ఈ కుటుంబపు పుట్టుపూర్వోత్తరములు తెలిసికొనదగినవి. 1936లో జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పంటపురుగులను చంపే మందుకై వెదకుచు ‘టాబున్’ అనే పదార్థమును తయారుచేసినాడు. అది పురుగులకంటె ముందు సైన్యాధికారులను ఆకర్షించినది. 1938లో ‘సారిన్’ వచ్చినది. ఈ రెండూ యుద్ధములో వాడదగిన విషవాయువులుగా లోకప్రసిద్ధి పొందినవి. అదే ప్రయోగశాల నుండి 1944లో ‘పారాథియాన్’ అనే పురుగుమందు వెలువడినది. యుద్ధవిషమూ, వ్యవసాయపు మందూ ఒకే ఇంట పుట్టిన తోబుట్టువులన్నమాట.

ఇవి పనిచేసే విధము సులభముగానే అర్థమవుతుంది. మన నరములు కండరములకు ఆజ్ఞలు పంపేటప్పుడు ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థము దూతగా పనిచేస్తుంది. ఆజ్ఞ అందిన మరుక్షణమే ఆ దూతను తొలగించే ఉద్యోగము కోలినెస్టరేజ్ అనే ఎంజైముది. ఆజ్ఞ ఇచ్చుట ఎంత ముఖ్యమో, దానిని ఆపుట కూడ అంతే ముఖ్యము. ఆర్గనోఫాస్ఫరస్ మందు ఈ ఎంజైమును పట్టుకొని పనిచేయనీయదు. అప్పుడు ఆజ్ఞలు ఆగవు. కండరములు అదురుతవి, గ్రంథులు స్రవిస్తవి, కంటిపాప గుండుసూది మొనంత అవుతుంది. విషము ఎక్కువైతే ఊపిరి ఆగుతుంది. పురుగులోనూ, మనిషిలోనూ ఈ యంత్రాంగము ఒక్కటే. తేడా మోతాదులోనే ఉన్నది.

ఇందులో మరియొక సూక్ష్మము కలదు. రోజూ కొద్దికొద్దిగా ఈ విషము సోకినవారిలో ఎంజైము కొంచెము కొంచెముగా తరిగిపోతుంది. చాలకాలము బయటికి ఏమీ కనిపించదు. ఎర్రరక్తకణములలో తరిగిన ఎంజైము తిరిగి పూర్తిగా సమకూరుటకు వారములు, నెలలు కూడ పట్టవచ్చును. ఈలోగా మరల విషము సోకినచో, నిన్నటి వరకు ఓర్చుకొన్న మోతాదే నేడు ప్రమాదకరము కావచ్చును. కావున “నాకేమీ కాలేదు” అనే మాట రక్షణ కాదు. ప్రమాదమును ముందుగా చెప్పగలిగినది రక్తపరీక్ష ఒక్కటే.

బహిరంగమైన పొలములో గాలి కొంతవరకు మనిషికి తోడుపడుతుంది. మూసిన ఇంటిలో ఆ తోడు లేదు. డైక్లోర్వాస్ అనే మందునే తీసికొందము. త్వరగా ఆవిరై మూలమూలకూ వ్యాపించే గుణము వలననే అది హరితగృహములకు, గోదాములకు, ఇండ్లకు అనువైనదిగా పేరుపొందినది. ఆకు మాటున దాగిన పురుగును చేరగల ఆవిరి, ఆకులు కోసే మనిషి ఊపిరితిత్తులను చేరకుండునా? ఏ గుణము చూచి దానిని మెచ్చుకొన్నారో, ఆ గుణమే దాని దోషము. అమెరికాలో హరితగృహములలో మాత్రమే పొగరూపమున వాడిన సల్ఫోటెప్ అనే మరియొక మందు కథయు ఇట్టిదే. మనుషుల భద్రతను గురించిన సమీక్ష తరువాత దాని వాడకము 2004తో ముగిసినది.

మన దేశములోనూ కదలిక లేకపోలేదు. 2013లో డాక్టరు అనుపమ్ వర్మ అధ్యక్షతన ఏర్పడిన సంఘము, ఇతర దేశములలో నిషేధమునకో ఆంక్షలకో గురియైన 66 మందులను పరిశీలించినది. దాని ఫలితముగా 2018 ఆగస్టులో 18 మందులపై నిషేధపు ఉత్తర్వు వెలువడినది. డైక్లోర్వాస్‌కు 2020 డిసెంబరు 31 వరకు గడువిచ్చి, ఆపై పూర్తిగా నిషేధించినారు. 2020 మే నెలలో మరి 27 మందులను నిషేధింపదలచుచు ముసాయిదా వచ్చినది. అందులో ఎసిఫేట్, క్లోర్‌పైరిఫాస్, డైమిథోయేట్, మలాథియాన్, మోనోక్రోటోఫాస్, క్వినాల్‌ఫాస్ అనే ఈ కుటుంబపు మందులు ఆరు ఉన్నవి. 2023లో వచ్చిన ఉత్తర్వు మాత్రము ఆ 27లో కొన్నింటికే పరిమితమైనది. మోనోక్రోటోఫాస్ 36 శాతము ద్రావణము అందులో చేరినది.

నిషేధములు అవసరమే. వాటిని నేను తక్కువచేసి మాట్లాడుటలేదు. కాని ఒక సీసాపై ఉన్న పేరును కొట్టివేసినంత మాత్రమున ఆ తల్లి ప్రశ్నకు సమాధానము దొరకదు. ఒక మందు పోతే దాని స్థానమున అదే కుటుంబపు మరియొకటి వస్తుంది. తలుపు అదే, గాలి అదే, మనిషి అదే. మందును గురించిన చట్టము దుకాణము వరకు వచ్చి ఆగిపోతున్నది. మనిషి పనిచేసే గది వరకు రావడము లేదు.

ఆశ్చర్యమేమనగా, రావలసిన చట్టము మనకు లేకపోలేదు. 1958లో కేరళలో పారాథియాన్ కలిసిన గోధుమపిండి తిని నూరుమందికి పైగా మరణించినారు. ఆ ఘోరము తరువాత సాగిన విచారణల ఫలముగా 1968లో కీటకనాశినుల చట్టము, 1971లో దాని నియమములు వచ్చినవి. సీసాపై ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ రంగుల గుర్తులు విషతీవ్రతను తెలుపవలెనన్నది ఆ నియమములలోనిదే. వాటిలోనే మరియొక నియమము ఉన్నది. మందుల తయారీలోగాని, చల్లుటలోగాని పనిచేసేవారిని పనిలో చేర్చుకొనక ముందును, ఆ తరువాత కనీసము మూడు నెలలకొకసారియు వైద్యుడు పరీక్షించవలెను. వివరములు రిజిస్టరులో వ్రాయవలెను. ఆర్గనోఫాస్ఫరస్ మందులతో పనిచేసేవారికి నెలకొకసారి రక్తములోని కోలినెస్టరేజ్‌ను కొలవవలెను. ఈ మాటలు అచ్చై అర్ధశతాబ్దము దాటినది. కాని మందు కొట్టే కూలివారిలో నెలనెలా రక్తపరీక్ష జరిగిన మనిషిని నేను ఇంతవరకు కలిసికొనలేదు.

పరీక్ష లేనిచోట లెక్క ఉండదు. వరంగల్లు ఎం.జి.ఎం. ఆసుపత్రిలో 1997 నుండి 2002 వరకు పురుగుమందుల విషముతో చేరిన 8,040 మందిని గురించిన అధ్యయనము 2005లో ప్రచురింపబడినది. వారిలో నూటికి 22 మందికి పైగా మరణించినారు. అత్యధికులు బ్రతుకు భారమై తామే విషము తీసికొన్న అభాగ్యులు. ఆ లెక్క మన హృదయమును కలచివేస్తుంది. అయితే ఊపిరితో కొద్దికొద్దిగా విషము పీల్చి, తల పట్టుకొని, సాయంత్రము ఇల్లు చేరి, మరునాడు తిరిగి పనికిపోయేవారు ఏ ఆసుపత్రి పుస్తకములోనూ ఉండరు. లెక్కలో లేనివారి బాధ ప్రభుత్వమునకు కనిపించదు.

“కూలివారు నేడు ఒక చేనులో, రేపు మరొక చేనులో ఉంటారు, ఎవరిని పట్టుకొని పరీక్షించగలము?” అని అధికారులు అనవచ్చును. బహిరంగ పొలముల విషయములో ఈ మాటలో కొంత నిజమున్నది. పాలీహౌస్ విషయములో ఇది చెల్లదు. దానికి తలుపున్నది, తాళమున్నది, యజమాని ఉన్నాడు. రాయితీ పొందినదైతే ప్రభుత్వ కార్యాలయములో దాని ఫైలు కూడ ఉన్నది. ఏటేటా అదే మనుషులు ఎక్కువగా పనిచేస్తారు. వ్యవసాయమంతటిలో భద్రతా నియమమును నిజముగా అమలుచేయగల చోటు ఏదైనా ఉన్నదంటే అది ఈ తలుపున్న పొలమే. ఇక్కడ కూడ చేయలేకపోతే, మనము చేయలేకపోవుట కాదు, చేయకుండుటయే.

చేయవచ్చునని ఇతరులు నిరూపించినారు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో 1974 నుండి ఈ మందులను తరచుగా వాడే కార్మికులకు రక్తపరీక్షలు విధిగా జరుగుతున్నవి. మొదట ఆరోగ్యముగా ఉన్నప్పటి కోలినెస్టరేజ్ మట్టమును కొలిచి పెట్టుకొంటారు. అది 80 శాతమునకు దిగితే పనిచేయించే పద్ధతిలో లోపమెక్కడున్నదో యజమాని వెదకవలెను. ఎర్రకణములలో 70 శాతమునకో, ప్లాస్మాలో 60 శాతమునకో దిగితే ఆ మనిషిని మందుకు దూరముగా ఉంచవలెను. ఇక 1992లో అమెరికా అంతటికీ వచ్చిన కార్మిక రక్షణ నియమములలో హరితగృహములకు ప్రత్యేకమైన కట్టుబాట్లు ఉన్నవి. ఆవిరిగానో పొగగానో వ్యాపించే మందు వాడిన తరువాత లోపలి గాలి పదిసార్లు మారవలెను; లేదా యంత్రముతో రెండు గంటలు, కిటికీలతోనైతే నాలుగు గంటలు గాలి ఆడవలెను; గాలి ఆడించే వీలే లేకున్న 24 గంటలు తలుపు తీయరాదు. తలుపు మీద హెచ్చరిక పలక ఉండవలెను. ఆ పలకపై ఇంగ్లీషుతోపాటు, అక్కడి కూలివారిలో చాలమంది మాట్లాడే స్పానిష్ భాష కూడ ఉంటుంది.

రైతు పక్షమున చెప్పవలసినదీ ఉన్నది. పాలీహౌస్ వెచ్చదనము పంటకు ఎంత హితమో తెల్లదోమకు, తామరపురుగుకు, ఎర్రనల్లికి అంత హితము. వాన కడుగదు, పురుగును తినే పురుగు లోనికి రాదు. బ్యాంకు అప్పు తీర్చవలసిన రైతుకు ఒక్క వారములో పంట పోతుందనే భయము నిరంతరము ఉంటుంది. తరచుగా మందు కొట్టేది కూడ అతడే. మొదటి శ్వాసలో విషము పీల్చేది అతడే. కావున ఈ నియమములు రైతుకు వ్యతిరేకములు కావు. పైగా మందు తగ్గించే మార్గములు పాతవే: సన్నని రంధ్రముల వల, రెండు తలుపుల ప్రవేశము, పసుపు, నీలిరంగు జిగురు అట్టలు, పురుగును తినే మిత్రపురుగులు. 1920వ దశకములోనే ఇంగ్లండులోని చెషంట్ పరిశోధనాలయము ఎన్‌కార్సియా అనే అతిసూక్ష్మమైన కందిరీగ జాతి కీటకమును పెంచి, తెల్లదోమపై ప్రయోగించుటకు రైతులకు పంచినది. రసాయనముల ఆకర్షణలో లోకము దానిని కొన్నాళ్లు మరచినది. పురుగులు మందులకు లొంగకుండా పోయిన తరువాత తిరిగి దానినే ఆశ్రయించినది.

నా అభిప్రాయములో ఇప్పుడు చేయవలసిన పనులు నాలుగు. పాలీహౌస్‌కు ఇచ్చే ప్రతి రాయితీకి కూలివారి రక్షణను షరతుగా చేర్చవలెను. మందు పేరు, కొట్టిన సమయము, తిరిగి ప్రవేశింపదగిన సమయము తలుపు మీద వ్రాయవలెను. నెలకొక రక్తపరీక్ష అనే 1971 నాటి నియమమును సమీపములోని ప్రభుత్వ ఆసుపత్రి ద్వారా అమలుపరచవలెను. ఆవిరిని ఆపగల ముఖరక్షణ, చేతితొడుగులు యజమాని తన ఖర్చుతో ఇవ్వవలెను. ముఖమునకు చుట్టుకొన్న కొంగు ధూళిని ఆపవచ్చునేమో గాని ఆవిరిని ఆపదు. ఈ నాలుగింటిలో మూడింటికి కొంత ధనము కావలెను. తలుపు మీద వ్రాయుటకు సుద్దముక్క చాలును.

ఆ ఒక్కపని మన కళాశాల కూడ చేయగలదు. ఈ పత్రికలో ఉర్దూ పుటలు కుడి నుండి, తెలుగు పుటలు ఎడమ నుండి మొదలై ఒకే సంపుటములో కలుస్తున్నవి. చుట్టుప్రక్కల పాలీహౌస్‌ల తలుపులపై ఈ రెండు భాషలలో హెచ్చరిక వ్రాసి పెట్టుట రసాయన శాస్త్ర విద్యార్థులకు కష్టము కాదు. చదువురానివారికి చదివి వినిపించుట అంతకంటె కష్టము కాదు. మన తరగతి గదిలో ఎసిటైల్‌కోలిన్ సమీకరణమును వ్రాసి మార్కులు తెచ్చుకొనే విద్యార్థి, తన తల్లి రోజూ పీల్చే గాలిలో ఏమున్నదో ఆమెకు చెప్పలేకపోతే ఆ చదువు అసంపూర్ణమే.

“అది ఏం మందో మాకేమెరుక?” అని ఆమె అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. వచ్చే సంచిక వెలువడేలోగా, కనీసము ఒక్క తలుపు మీదనైనా ఆ జవాబు వ్రాసి ఉండవలెనని నా కోరిక.