అద్దంలో రూపాయి

ఇంట్లో సర్వరు పెట్టి, జంట డిస్కులు బిగించి, "ఇక మన ఫొటోలకి ఢోకా లేదు" అని మీసం దువ్వే మహానుభావులతోనే నా పేచీ. అయ్యా! 1988లో బర్కిలీ పండితులు ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 'రైడ్' పేరుతో చెప్పింది, చవక డిస్కుల గుంపులో ఒకటి చచ్చినా పని నడిచే ఉపాయం. మన మతిమరుపుకి మందు కాదు. అమ్మాయి పెళ్లి ఫొటోలు పొరపాటున చెరిపేశారనుకోండి, రెండో డిస్కు కూడా అదే క్షణంలో బుద్ధిగా చెరిపేస్తుంది. పిడుగు పడిందా, రెండూ జంటగానే కైలాసానికి!

ఇంకో డిస్కు కొనండి. నెలకోసారి నకలు తీసి, తీగ పీకి, బావమరిది బీరువాలో దాచండి. అప్పుడప్పుడూ తెరిచి చూసుకోండి. డబ్బు రెండు డిస్కులకే ఉందా? జంట విడదీసి, రెండోదాన్నే నకలుకి వాడండి. అద్దంలో రూపాయి కనిపిస్తే జేబులో రెండున్నట్టు కాదుగా!