మందు ఒక్కటే, వైరస్ ఒక్కటి కాదు

రువాండాలో 300 మంది హెపటైటిస్ సి రోగులకు ఒకే మందు ఇచ్చారు. లెడిపాస్‌విర్, సొఫోస్‌బువిర్ కలిసిన మాత్ర, రోజుకొకటి, 12 వారాలు. 2019లో వెలువడిన ఫలితాల్లో 87 శాతం మందికి నయమైంది. బాగానే ఉందనుకుంటాం. కానీ 4ఆర్ అనే ఉపరకం సోకినవాళ్లను విడదీసి చూస్తే 56 శాతమే, మిగతావాళ్లలో 93. అమెరికా, యూరప్ రోగుల మీద పరీక్షించి తెచ్చిన మందు అది. అక్కడ ఈ 4ఆర్ చాలా అరుదు.

ఈ వైరస్‌లో ఇప్పటికి తేలినవి 8 జీనోటైపులు, అంటే జన్యు రకాలు. అమెరికా, జపాన్‌లలో ఒకటో రకానిదే పైచేయి. ఐదు దక్షిణాఫ్రికాలో, ఆరు ఆగ్నేయాసియాలో ఎక్కువ. ఎనిమిదోది 2018లో కెనడాలో బయటపడింది. అది దొరికిన రోగుల సొంతూళ్లు మాత్రం మన పంజాబ్‌లోవే.

ఏ రకం ఎక్కడ పాతుకుపోయిందో చాలాచోట్ల సూదే నిర్ణయించింది. ఈజిప్టునే చూడండి. కాలువ నీళ్లలో సోకే బిల్‌హార్జియా పురుగును వదిలించాలని అక్కడి ప్రభుత్వం 1950ల నుంచి 1980ల ఆరంభం దాకా పల్లెపల్లెనా ఆంటిమొనీ ఇంజెక్షన్లు వేయించింది. ఒక్కో మనిషికి వారాల తరబడి వరుసగా సూదులు. గాజు సిరంజీలను సరిగా మరిగించకుండానే ఒకరి తర్వాత ఒకరికి గుచ్చారు. అలా నాలుగో రకం వైరస్ ఊళ్లకు ఊళ్లనే పట్టుకుంది. ‘సూది వేస్తేగానీ జ్వరం తగ్గదు’ అని ఆర్‌ఎంపీ దగ్గర పట్టుబట్టే మనవాళ్లకు ఈ సంగతి చెప్పాలి.

మన దేశంలో మూడో రకానిదే పెద్ద వాటా. ఉత్తరాదితో పోలిస్తే దక్షిణాదిలో ఒకటో రకం కాస్త ఎక్కువ. ఇంటర్‌ఫెరాన్ రోజుల్లో రిపోర్టులో ‘3’ కనబడితే డాక్టరు హమ్మయ్య అనుకునేవాడు. 24 వారాల ఇంజెక్షన్లతో చాలామందికి తగ్గేది. అదే ‘1’ అయితే 48 వారాలు పొడిపించుకున్నా సగం మందికి ఫలితం ఉండేది కాదు. కొత్త మాత్రలొచ్చాక అంతా తలకిందులైంది. ఒకటి లొంగిపోయింది, మూడు మొండికేసింది, ముఖ్యంగా సిర్రోసిస్ వచ్చిన లివర్‌లో. పైగా మూడో రకం తనంతట తానే లివర్‌లో కొవ్వు పేరుస్తుంది. చుక్క ముట్టని మనిషికి స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ అని వస్తే తిండిని తిట్టుకుంటాం తప్ప వైరస్ సంగతి తట్టదు.

అమెరికాలో కోర్సుకు 84 వేల డాలర్లు పలికిన సొఫోస్‌బువిర్‌ను 2015లో మన హైదరాబాద్ కంపెనీలు చవగ్గా తెచ్చాయి. 2018 జులై 28 నుంచి హెపటైటిస్ నియంత్రణ జాతీయ కార్యక్రమం కింద పరీక్షలూ మందులూ ఉచితం. జీనోటైప్ తేల్చాకే మందు అన్న షరతు అందులో లేదు. నా ఉద్దేశంలో అది సరైన నిర్ణయమే. రెండు బస్సులు మారి జిల్లా ఆస్పత్రికి వచ్చిన కూలీని ఖరీదైన పరీక్ష పేరు చెప్పి తిప్పి పంపడం అన్యాయం. కాకపోతే, మందు పనిచేయని కొద్దిమంది రక్తాన్నైనా పరీక్షించి వాళ్లది ఏ ఉపరకమో నమోదు చేయాలి. అది లేకపోతే మన దగ్గరా ఒక 4ఆర్ ఉందో లేదో ఎప్పటికీ తేలదు.

మందు పనిచేయలేదని తెలియాలన్నా రోగి మళ్లీ రావాలి. మాత్రలు అయిపోగానే ఒళ్లు తేలికపడిందని ఊరుకోకండి. చివరి మాత్ర వేసుకున్న 12 వారాలకు వైరల్ లోడ్ పరీక్ష తప్పకుండా చేయించుకోండి. ప్రభుత్వ కేంద్రంలో దానికీ డబ్బు కట్టక్కర్లేదు.