లెక్క అడిగితే అవిశ్వాసమా?

2024 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) సినడ్ వ్యవహారాలు చూడడానికి ఇద్దరు విశ్రాంత న్యాయమూర్తులను నియమించింది. విశ్వాసులు కోర్టుకెక్కడాన్ని పౌలు గద్దించాడని (1 కొరింథీ 6) అప్పుడు చాలామంది గుర్తుచేశారు. నిజమే. కానీ సహోదరుల మధ్య తగవు తీర్చే బుద్ధిమంతుడు మీలో ఒక్కడూ లేడా అని కూడా పౌలు అక్కడే అడిగాడు. ఇంట్లో లెక్క అడిగే చోటు మూసుకుపోతే అడిగేవాడు ఎక్కడికి పోవాలి?

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల పాత సంఘాలు అనేకం వెస్లియన్ మెథడిస్టు మిషన్ సేవలో పుట్టినవే. ఆ మెథడిస్టులు 1742లో ఇంగ్లాండులోని బ్రిస్టల్‌లో మందిరం అప్పు తీర్చడానికి సభ్యులు వారానికొక పెన్నీ ఇవ్వాలని నిర్ణయించారు. పన్నెండేసి మందికి ఒక నాయకుడు. పేదవారు ఇవ్వలేకపోతే వారి వంతు తానే ఇస్తానని ఒకాయన ముందుకొచ్చాడు. పెన్నీ కోసం ఇంటింటికీ వెళ్లిన నాయకులకు ఇళ్లలోని తాగుడు, ఆలుమగల తగవులు కూడా కనబడ్డాయి. జాన్ వెస్లీ దానినే ప్రతివారపు ఆత్మీయ పరామర్శగా మార్చాడు. డబ్బు లెక్క, బ్రతుకు లెక్క ఒకే గడపలో మొదలయ్యాయన్నమాట.

మన దగ్గర ఆ రెండూ విడిపోయాయి. తాగిన కూలివాడిని ప్రభువు బల్లకు దూరం చేయడానికి గంట చాలు. కోతకాలపు పండుగ కానుకలు ఎటు పోయాయో చెప్పడానికి ఏళ్లు పడుతుంది. మంచిర్యాలలోనైనా గోదావరిఖనిలోనైనా, కాపరే ట్రస్టీ, ఆయన భార్యే కోశాధికారి అయిన చోట అడిగేదెవరిని? అడిగితే అభిషిక్తులను ముట్టకూడదంటూ 105వ కీర్తన చూపుతారు. అది పరదేశులుగా తిరిగిన పితరులను దేవుడు రాజుల చేతిలోనుండి కాపాడిన సంగతి. చందా పుస్తకం సంగతి కాదు!

యెరూషలేము పేదల కానుకను పౌలు ఒక్కడే మోయలేదు. నింద రాకూడదని తీతుతోపాటు సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి కూడా ఆ పనికి పెట్టాడు (2 కొరింథీ 8). అపొస్తలునికే సాక్షులు కావలసివస్తే మన కోశాధికారికి అవమానమెందుకు?

పాత కరీంనగర్ జిల్లా ముల్కనూరులో 1956లో పుట్టిన రైతు సహకార సంఘం ఏటా సభ్యుల ముందు లెక్కలు పెడుతుంది. అటువంటి సభలో లేచి ప్రశ్నించే రైతే ఆదివారం మందిరంలో నోరు విప్పడు. అయితే కాపరిని అడిగేవారు తమ ఇంటి గడప కూడా తెరవాలి. మన అప్పులు, మన కోడళ్ల కన్నీళ్లు ఎవరూ అడగకూడదంటే ఎలా?

ఆర్థిక సంవత్సరం మార్చితో ముగుస్తుంది. ఏప్రిల్ మొదటి ఆదివారం రాబడి, ఖర్చు ఒక కాగితంమీద రాసి మందిరం తలుపుకు అంటించడానికి ఏ కోర్టు ఉత్తర్వూ అక్కరలేదు.