జాలరిని, ఉగ్రవాదిని ఒక్క గాటఁ గట్టరాదు

విశాఖ పూర్ణా మార్కెట్టులో పొద్దు పొడవకముందే కూరగాయల బస్తాల నడుమ దారి చేసికొని, నెత్తిన చేపలగంపతో వచ్చి, తడిగోనె పరచి కూర్చుండి, వంజరమునకు బేరమాడువారికి ఓపికతో బదులు చెప్పుచు, కత్తిపీటపై తునకలు కోయుచుండు జాలరి స్త్రీకి దేశభద్రత యన్న, కడలికి పోయిన మగడు క్షేమముగ ఇల్లు చేరుటయే.

సొంత తీరమున జెట్టీలు చాలక గుజరాతులోని వేరావలునకు వలసపోయి, పరుల పడవలపై కూలికి వేటాడుచుండిన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల జాలరులు, భారత, పాకిస్తానుల నడుమ సర్ క్రీక్ సరిహద్దు వివాదము తెగనందున నీటిపై గీత నిర్ణయము కాని ఆ ప్రాంతమున 2018 చివర పాకిస్తాను గస్తీకి చిక్కి, కరాచీ చెరలో ఏడాదికి పైగా మ్రగ్గిరి. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా వద్ద స్వదేశమున అడుగిడిరి.

ఆ అరేబియా సముద్రముననే, 2008 నవంబరులో కరాచీ నుండి బయలుదేరిన పదిమంది ఉగ్రవాదులు ‘కుబేర్’ అను చేపలపడవను చేజిక్కించుకొని, అందలి నలుగురు పనివారిని మొదటను, సరంగును ముంబయి చేరువలోను వధించి, ఆపై నగరమునఁ బడిరి. ఆ మారణకాండకు తొలిబలి జాలరులే.

తొలి కావలివారును వారే. 1971 డిసెంబరు 3-4 తేదీల నడిరేయి విశాఖ రేవు ఎదుట మునిగిన పాకిస్తాను జలాంతర్గామి ‘ఘాజీ’ శకలములు నీటిపై తేలుచుండగా, ఏరి తెచ్చి నౌకాదళమునకు చూపినవారు ఈ తీరపు బెస్తలే.

కావున, ఆకలిచే తెలియక గీత దాటినవానిని, ద్వేషముచే తెలిసి దాటినవానిని ఒక్క గాటఁ గట్టుట ఏ దేశమునకును రక్షణ కాజాలదు. నిరపరాధులను నింపిన చెరసాల అసలు శత్రువును పట్టలేదు. శిక్ష ముగిసి, జాతీయత ధ్రువపడిన ఖైదీని నెలలోగా విడువవలెనని 2008 మే 21 నాటి ఒడంబడికలో ఉభయదేశములును అంగీకరించినవి. ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు మార్చుకొనుటతో తృప్తిపడక, ఆ మాటను అక్షరాల నిలుపుకొనవలెను. అట్లని ఉగ్రవాదికి ఆశ్రయమిచ్చు రాజ్యమును ఉపేక్షింపరాదు. మన ప్రభుత్వము ఉత్తరాంధ్ర తీరమున జెట్టీలు కట్టించి, మన జాలరి మన కడలిలోనే వేటాడి బ్రతుకునట్లు చేయవలెను.