మనుషులున్నారు, ఇంజన్లున్నాయి - నీళ్లేవీ?

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు దేశమంతటా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా రేవులో మందుగుండుతో ఉన్న ఓడ అంటుకుని పేలిపోయింది. ఆ మంటలతో పోరాడుతూ 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలర్పించారు. వారి స్మృత్యర్థమే ఈ వారోత్సవాలు. ఇదే వారంలో పడే మరొక తేదీ కూడా మనం గుర్తుంచుకోదగినదే. అది 1906 ఏప్రిల్ 18. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరం కాలి బూడిదవడం మొదలైన రోజు. ఆ నగరం కథ మన పల్లెలకెందుకని ఎవరైనా అడగవచ్చు. నిప్పుకు పల్లె, పట్నం తేడా లేదు. అక్కడ జరిగిన పొరపాటు ఎక్కడైనా జరగగలదే.

ఆనాటి శాన్‌ఫ్రాన్సిస్కో జనాభా సుమారు 4 లక్షలు. అగ్నిమాపక దళంలో పూర్తి జీతంపై పనిచేసేవారు 585 మంది. అంటే దాదాపు 680 మంది ప్రజలకు ఒక్కరు. వారిని 57 జట్లుగా విభజించారు. అందులో 38 స్టీము ఇంజను జట్లు, 10 నిచ్చెన జట్లు, కొన్ని రసాయన ఇంజను జట్లు, ఎత్తయిన మేడలపైకి నీరు చిమ్మే గోపురం బండికి ఒక జట్టు. దళపతి డెనిస్ సల్లివాన్. పని తెలిసినవాడని, ముందుచూపు ఉన్నవాడని పేరు పొందిన అధికారి.

ఆ రోజుల్లో ఫైరింజనంటే మోటారు బండి కాదు. గుర్రాలు లాగే ఆవిరి యంత్రం. గంట మోగగానే గుర్రాలు వాటంతటవే వచ్చి బండి ముందు నిలబడేలా తర్ఫీదు ఇచ్చేవారు. పైనుంచి వేలాడే జీను వాటి వీపుపై పడేది. బాయిలరులో నీటిని ఎప్పుడూ వేడిగా ఉంచేవారు కాబట్టి, బండి దారిలో ఉండగానే ఆవిరి సిద్ధమయ్యేది. బండి తోలడానికి ఒకరు, యంత్రం చూడడానికి ఒకరు, బొగ్గు వేయడానికి ఒకరు, గొట్టాలు పట్టడానికి మరికొందరు ఉండేవారు. సిబ్బంది స్టేషనులోనే పడుకునేవారు. రాత్రింబవళ్లూ డ్యూటీయే. చిన్న మంటలకు రసాయన ఇంజను వాడేవారు. సోడా కలిపిన నీటిలో యాసిడు కలిపితే గ్యాసు పుట్టి, ఆ ఒత్తిడికి నీరు తనంతట తాను చిమ్ముకొచ్చేది.

ఇదంతా చూసి ఎవరైనా భేషనవలసిందే. అగ్ని బీమా సంస్థల జాతీయ సంఘం 1905లో ఆ నగరాన్ని పరీక్షించి, దళం సమర్థమైనదేనని మెచ్చుకుంది. కానీ అదే నివేదికలో గట్టి హెచ్చరిక కూడా చేసింది. నగరంలో నూటికి 90 ఇళ్లు కొయ్యవి. నీటి గొట్టాల ఏర్పాటు పెద్ద ప్రమాదానికి చాలదు. ఈ ఊరు ఇంతవరకు కాలిపోకపోవడమే వింత అన్న ధోరణిలో ఆ సంఘం రాసింది. సల్లివాన్ కూడా మంటల కోసం ప్రత్యేక నీటి ఏర్పాటు చేయాలని మొత్తుకుంటూనే ఉన్నాడు. నేల కింద పాతకాలపు నీటి తొట్లు కొన్ని ఉన్నా, వీధి వీధికీ కుళాయిలు వచ్చాక వాటిని పట్టించుకున్నవారు లేరు. హెచ్చరికలు కాగితాల మీదే ఉండిపోయాయి.

ఏప్రిల్ 18 తెల్లవారుజామున 5 గంటల 12 నిమిషాలకు భూమి కంపించింది. పక్కనున్న హోటలు భవనం పైభాగం విరిగి సల్లివాన్ నిద్రిస్తున్న స్టేషను మీద పడింది. తీవ్రంగా గాయపడిన ఆయన నాలుగు రోజుల తర్వాత మరణించాడు. నీటి కోసం పట్టుబట్టిన మనిషి, నీరు కావలసిన గంటకు రంగంలో లేకుండా పోయాడు. ప్రమాద సూచన పంపే తంతి కార్యాలయంలో బ్యాటరీలు పగిలిపోయాయి. కొద్ది గంటల్లోనే సుమారు 50 చోట్ల మంటలు లేచాయి.

స్టేషను భవనాలు కొన్ని దెబ్బతిన్నా, ఇంజన్లు దాదాపు అన్నీ బాగానే ఉన్నాయి. మనుషులు సిద్ధంగానే ఉన్నారు. గుర్రాలు కట్టుకుని పరుగెత్తారు. గొట్టం బిగించి కుళాయి తిప్పితే చుక్క రాలేదు. బయటి నుంచి నగరానికి నీరు తెచ్చే పెద్ద గొట్టాలు తెగాయి. నగరం లోపల ప్రధాన గొట్టాలు సుమారు 300 చోట్ల, ఇళ్లకు వెళ్లే చిన్న గొట్టాలు 23 వేలకు పైగా చోట్ల విరిగాయి. విచిత్రమేమంటే ఆ గడియలో నగరంలోని జలాశయాల్లో దాదాపు 8 కోట్ల గ్యాలన్ల నీరుంది. ఉన్న నీరు మంట దగ్గరకు చేరే దారే లేకపోయింది.

ఆ ఉదయం ఒక ఇల్లాలు వంటకు పొయ్యి వెలిగించింది. భూకంపానికి పొగగొట్టం చీలిందని ఆమెకు తెలియదు. ఆ పొయ్యి నిప్పే పెరిగి వీధులకు వీధులను మింగేసింది. మరోవైపు మంటకు అడ్డుకట్ట వేయాలని, అనుభవం లేనివారు మందుపాతరలతో భవనాలు పేల్చారు. కొన్నిచోట్ల ఆ పేలుళ్లే కొత్త మంటలకు కారణమయ్యాయి. మూడు రోజులు నగరం కాలింది. 28 వేల భవనాలు పోయాయి. 3 వేల మందికి పైగా మరణించారని నేటి అంచనా. జనాభాలో సగం మందికి పైగా నిలువనీడ లేనివారయ్యారు.

ఇంత వినాశంలోనూ మిగిలిన చోట్లను చూస్తే అసలు పాఠం తెలుస్తుంది. ప్రభుత్వ టంకశాల మిగిలింది. దాని ఆవరణలో సొంత బావి ఉంది. రేవు ప్రాంతం చాలావరకు మిగిలింది. నౌకాదళం వారి పడవలు సముద్రపు నీరు తోడి పోశాయి. మిషన్ పేటలో చాలా భాగం మిగిలింది. అక్కడ 20వ వీధి మలుపులో గట్టు మీదున్న ఒక్క కుళాయి పనిచేసింది. గుర్రాలు అలసిపోతే, ఇళ్లు వదిలి వచ్చిన జనమే ఇంజనును గట్టు పైకి నెట్టారు. ఆ కుళాయికి నేటికీ ఏటా ఏప్రిల్ 18న బంగారు రంగు వేసి గౌరవిస్తారు. నీరున్నచోట మనిషి గెలిచాడు. నీరు లేనిచోట ధైర్యమొక్కటే చాలలేదు.

ఆ నగరం బుద్ధి తెచ్చుకుంది. 1908లో ప్రజలు ఓటు వేసి 52 లక్షల డాలర్ల అప్పుకు ఒప్పుకున్నారు. మంటల కోసమే వేరే గొట్టాలు వేశారు. కొండ మీద సుమారు కోటి గ్యాలన్ల జలాశయం కట్టారు. సముద్రపు నీరు తోడే రెండు పంపు కేంద్రాలు, రెండు అగ్నిమాపక పడవలు పెట్టారు. ఒక పడవకు సల్లివాన్ పేరే పెట్టారు. వీధుల కింద ఒక్కొక్కటి 75 వేల గ్యాలన్లు పట్టే తొట్లు కట్టారు. 1989 అక్టోబరు 17న మళ్లీ భూకంపం వచ్చింది. ఈ కొత్త గొట్టాలు కూడా కొన్నిచోట్ల విరిగాయి. అయితే ఈసారి పడవ ఒడ్డుకు వచ్చి సముద్రపు నీరు అందించింది. ఒక దారి మూసుకుపోతే మరో దారి ఉండాలన్నది అక్కడివారు ఎంతో నష్టపోయి నేర్చుకున్న సత్యం.

ఇక మన మాట. వేసవిలో గడ్డివాము అంటుకున్నా, పాకల వరుస అంటుకున్నా 101కి ఫోను చేస్తాం. బండి ఆలస్యమైందని ఆగ్రహిస్తాం. స్టేషన్లు పెంచాలని, ఖాళీ పోస్టులు నింపాలని అడగడం న్యాయమే. అడగాలి కూడా. అయితే మామూలు ఫైరింజనులో పట్టే నీరు నాలుగైదు వేల లీటర్లు. గొట్టం విప్పితే కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఆ తర్వాత ఏమిటి? చెరువు గట్టు వరకు బండి వెళ్లే బాట ఉందా? ఊరి ట్యాంకు కింద బండికి నీరు పట్టే ఏర్పాటుందా? కరెంటు పోతే బోరు పనిచేయదు కదా, అప్పుడు నీరు తోడడానికి ఆయిలింజను ఎవరి దగ్గరుంది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు ప్రతి పంచాయతీ దగ్గర ఉండాలి. ఇందుకు లక్షల ఖర్చు అక్కరలేదు. ఒకసారి గ్రామసభలో కూర్చుని తేల్చుకుంటే చాలు.

585 మంది సిబ్బంది, 57 జట్లు ఉన్న మహానగరానికే నీరు లేక ఆ గతి పట్టింది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వబోయినట్లని మన పెద్దలు ఊరికే అనలేదు. వారోత్సవాల్లో ఊరేగింపులు, ప్రదర్శనలు జరగనివ్వండి. వాటితోపాటు, బండి వస్తే నీరెక్కడ పట్టాలో ప్రతి ఊరూ ఈ వారంలోనే నిర్ణయించుకోవాలి. బావి తవ్వవలసింది ఇల్లు చల్లగా ఉన్నప్పుడే.