హక్కుల చరిత్ర మన ఊరికీ రావాలి

మనం రోజూ పలికే ‘హక్కు’ అన్న మాట అరబీలోని ‘హఖ్’ నుంచి వచ్చింది. జిల్లా, వకీలు, రసీదు, దస్తావేజు కూడా అరబీ, ఫారసీల నుంచి వచ్చి తెలుగులో కలిసిపోయినవే. మాట మన నోట ఉంది. దాని వెనుక ఉన్న చరిత్ర మాత్రం మన పిల్లలకు అందడం లేదు.

అమెరికా వంటి దేశాల్లో చిన్న పట్టణాల చరిత్ర సంఘాలు సైతం పౌరహక్కులపై సంచార ప్రదర్శనలు పెడుతుంటాయి. ఫొటోలు, పత్రాల నకళ్లు ఊరి నుంచి ఊరికి తిరుగుతాయి. అనంతపురం జిల్లాలోనూ అలాంటి ప్రదర్శన తిరగాలి. కరువు సీమలో చూపడానికి ఏముందని అడిగేవారికి మూడు సంగతులు చెప్పాలి.

మొదటిది 1876-78 నాటి ధాత కరువు. అప్పటికి అనంతపురం జిల్లా ఏర్పడలేదు, మన ప్రాంతం బళ్లారి జిల్లాలో ఉండేది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనిలోని మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌను అంటే అర కిలో కూడా కాదు. ఆ గింజలు సర్కారు దయ. ఇది చాలదని నిలదీసే హక్కు కూలివాడికి లేదు.

రెండోది 1893 అక్టోబరు 4 నాటి ఘటన. గుంతకల్లు రైల్వే గేటు కాపరి హంపన్న ఇద్దరు స్త్రీలను కాపాడబోయి తెల్ల సైనికుడి తుపాకి గుండుకు బలయ్యాడు. కాల్చినవాడికి శిక్ష పడలేదు.

మూడోది 2006 ఫిబ్రవరి 2. నార్పల మండలం బండ్లపల్లిలో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. ఏటా 100 రోజుల పని అడిగి తీసుకునే హక్కును 2005 నాటి చట్టం పల్లె కుటుంబానికి ఇచ్చింది.

1877 నాటి కూలి లెక్క పక్కన 2006 నాటి జాబ్ కార్డు పెట్టి చూపండి. దయకూ హక్కుకూ తేడా ఏమిటో బడిపిల్లలకు ఉపన్యాసం లేకుండానే తెలుస్తుంది. ఈ తేడా మనకు కొత్త కాదు. జకాత్ ఇచ్చేవారి ఔదార్యం కాదని, అది వారి సంపదలో పేదలకున్న హక్కని చిన్ననాటి నుంచీ వింటున్నాం.

అయితే ప్రదర్శన పెట్టగానే సరిపోదు. 1947లో అమెరికాలో రాజ్యాంగం వంటి చరిత్ర పత్రాలతో ‘ఫ్రీడం ట్రైన్’ బయలుదేరింది. మెంఫిస్, బర్మింగ్‌హాం నగరాల అధికారులు తెల్లవారు, నల్లవారు విడివిడిగా చూడాలని పట్టుబట్టారు. నిర్వాహకులు ఒప్పుకోక ఆ రెండు చోట్లా రైలు ఆపడమే మానుకున్నారు. స్వేచ్ఛను చూపే చోట వివక్ష ఉంటే ఆ ప్రదర్శనకు అర్థమేముంది?

మన దగ్గర అలాంటి గీత ఎవరూ గీయకపోవచ్చు. కానీ జిల్లా కేంద్రంలో, పనిదినాన, ఇంగ్లీషు రాతలతో పెడితే కూలికి వెళ్లే తల్లి చూడగలదా? ఇల్లు కదలలేని నానమ్మ చూడగలదా? గీత గీయకుండానే గీసినట్టవుతుంది. అందుకే ప్రదర్శన బడికి, షాదీఖానాకు, సంత జరిగే చోటుకు రావాలి. తెలుగుతో పాటు ఉర్దూలోనూ వివరాలు రాయాలి. చదువురాని వారికి చదివి చెప్పే మనిషి ఉండాలి.

మన వంతు పని కూడా ఉంది. ఎన్నో ఇళ్లలో ఇనుప పెట్టెల అడుగున తాతల నాటి పట్టాలు, కౌలు కాగితాలు, శిస్తు రసీదులు పడి ఉన్నాయి. చెదలు తినకముందే వాటికి నకళ్లు తీయించాలి. అసలు కాగితం ఇల్లు దాటనక్కరలేదు, ప్రదర్శనకు నకలు చాలు. కరువు పనులకు వెళ్లిన ముసలివారి మాటలను పిల్లలు కూర్చుని రాసుకోవాలి.

ఇది మనవాళ్ల చరిత్ర, అది వాళ్ల చరిత్ర అని పంచుకోవడం తగదు. హంపన్నది ఏ మతమన్నది కాదు, ఏం చేశాడన్నది మన పిల్లలకు తెలియాలి. తమ ముందువారు హక్కు కోసం ఏం పోగొట్టుకున్నారో తెలియని తరం, తన చేతిలోని హక్కు జారిపోతున్నా గుర్తించలేదు. పెద్దలు, ఉపాధ్యాయులు, మసీదు కమిటీలవారు దీనిపై ఆలోచించాలి.