ఏసీ కంటే ముందు శ్లాబు సంగతి చూడాలి

వేసవి మొదలైందంటే రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ నుంచి ఫోన్లకు సందేశాలు వస్తాయి. ఫలానా మండలాల్లో వడగాల్పులు వీస్తాయి, అవసరమైతే తప్ప బయటకు రావద్దు, ఇంటిపట్టునే ఉండండి అని చెబుతారు. మంచి సలహాయే. కాకపోతే బయటికంటే ఇల్లు చల్లగా ఉంటుందన్న నమ్మకం మీద అది నిలబడి ఉంది. విశాఖ దగ్గరి సబ్బవరం, పెందుర్తి, అనకాపల్లి చుట్టుపక్కల ఈమధ్య కాలంలో లేచిన ఒంటి అంతస్తు డాబాల్లో, రేకుల ఇళ్ళలో ఆ నమ్మకం చెల్లదు. మే నెలలో మధ్యాహ్నం మూడు దాటాక ఆ శ్లాబు కింద కూర్చోవడం కంటే వీధిలో వేపచెట్టు కింద కూర్చోవడం నయం. రాత్రి పది గంటలకు కూడా ఫ్యాను పైనున్న సెగనే కిందికి తోస్తూ ఉంటుంది. ముసలివాళ్ళు, బాలింతలు, పసిపిల్లలు రోజంతా గడిపేది అక్కడే. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి దాదాపు రెండు వేల మంది వడదెబ్బకు చనిపోయారు. ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 1,369 మంది. అప్పటి నుంచి చలివేంద్రాలు పెరిగాయి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్ల పంపిణీ పెరిగింది, హెచ్చరికలు ముందే అందుతున్నాయి. పైకప్పు మాట మాత్రం చిన్న ఇళ్ళ దాకా రావడం లేదు. కొత్త ఇంటికి ప్లాను ఇచ్చేటప్పుడే పైకప్పు మీద వేడిని ఆపే ఏర్పాటును తప్పనిసరి చేయాలని, ఇప్పటికే కట్టిన చిన్న ఇళ్ళకు ఆ ఏర్పాటు ప్రభుత్వ ఖర్చుతో జరగాలని నా వాదన.

గోడలను వదిలి పైకప్పునే ఎందుకు పట్టుకోవాలో ఆకాశం వైపు చూస్తే తెలుస్తుంది. విశాఖ ప్రాంతం భూమధ్యరేఖకు ఉత్తరాన 17.7 డిగ్రీల దగ్గర ఉంది. అందువల్ల మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో మరోసారి సూర్యుడు ఇక్కడ సరిగ్గా నడినెత్తి మీదుగా వెళ్తాడు. ఆ రోజుల్లో దక్షిణపు గోడ మీద ఎండ పడదనే చెప్పాలి. తూర్పు, పడమర గోడలు చెరో పూట ఎండను భరిస్తాయి. పైకప్పుకు మాత్రం పొద్దు పొడిచింది మొదలు గుంకేదాకా తెరిపి ఉండదు. మబ్బులేని మధ్యాహ్నం చదరపు మీటరు మీద పడే ఎండ శక్తి సుమారు వెయ్యి వాట్లు. ప్రభుత్వ కాలనీల్లో కట్టిన ఇంటి విస్తీర్ణం 340 చదరపు అడుగులు, అంటే 31 చదరపు మీటర్లకు పైమాట. అంత చిన్న ఇంటి నెత్తిన పన్నెండు గంటల వేళ పడే ఎండ 30 కిలోవాట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ గదిలోంచి తోడి పారబోయగలిగే వేడి అయిదు కిలోవాట్లకు కాస్త ఎక్కువ. పడిన ఎండంతా లోపలికి రాదు, కొంత గాలికి పోతుంది, కొంత తిరిగి ఆకాశంలోకి పోతుంది. అయినా పాతబడి నల్లబారిన సిమెంటు పైకప్పు తన మీద పడిన ఎండలో మూడింట రెండొంతుల దాకా పీల్చుకుంటుంది. ఆ వేడి అయిదంగుళాల కాంక్రీటులోంచి కిందికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. సాయంత్రం బయట గాలి తిరిగాక కూడా ఇల్లు ఉడుకుతూ ఉండడానికి కారణం ఇదే.

వేడిని తట్టుకోవడం అనగానే చాలామంది రాజస్థాన్ కోటలను, మందపాటి రాతి గోడలను తలుచుకుంటారు. ఎడారిలో ఆ పద్ధతి పనిచేయడానికి కారణం అక్కడి రాత్రి. పగలు ఎంత కాగినా పొద్దుగూకాక పొడిగాలిలో రాయి చల్లబడుతుంది, తెల్లవారేసరికి మళ్ళీ ఎండను తట్టుకోవడానికి సిద్ధమవుతుంది. మన తీరంలో రాత్రి అంతగా చల్లబడదు. సముద్రపు తేమ వల్ల చెమట ఆరదు, ఉక్కపోత తెల్లవార్లూ వదలదు. వాతావరణ శాఖ లెక్కలోనే ఈ తేడా ఉంది. మైదానాల్లో 40 డిగ్రీలు దాటాకే వడగాల్పుల మాట ఎత్తే శాఖ, తీర ప్రాంతాలకు ఆ హద్దును 37 డిగ్రీలకు తగ్గించింది. అందుచేత ఎడారి ఇంటి మందాన్ని తెచ్చి ఇక్కడ పెడితే లాభం లేదు, రాత్రంతా వేడిని కక్కే గోడల మధ్య పడుకోవాలి. ఇక్కడి ఇంటికి కావలసింది వేడిని పైకప్పు పైనే ఆపడం, లోపలికి వచ్చిన కాస్త వేడిని ఎదురెదురు కిటికీల గాలితో బయటకు పంపడం. ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిళ్ళు ఈ రెండు పనులలో మొదటిది బాగా చేసేవి. దట్టంగా నేసిన తాటాకు కప్పు ఎండను లోపలికి రానిచ్చేది కాదు, తాను వేడిని దాచుకునేదీ కాదు. నేల దాకా వాలిన చూరు మట్టిగోడకు నీడ పట్టేది. నిప్పుకు, తుపానుకు భయపడి జనం ఆ ఇళ్ళను వదులుకున్నారు, అందులో తప్పేమీ లేదు. హుద్‌హుద్ లాంటి తుపాను చూసిన వాళ్ళను మళ్ళీ తాటాకు కిందికి వెళ్ళమనడం అన్యాయం. అయితే తాటాకు తీసి శ్లాబు వేసినప్పుడు గాలివానకు భరోసా దొరికింది గానీ ఎండకు ఉన్న అడ్డు పోయింది. ఆ అడ్డును మళ్ళీ ఏర్పరచుకోవాలి.

పని రెండు అంచెల్లో ఉంటుంది. మొదటిది ఎండను తిప్పికొట్టడం. శుభ్రంగా కడిగిన శ్లాబు మీద చిక్కటి సున్నం రెండు మూడు పూతలు వేసినా, తెల్లని కూల్ రూఫ్ పెయింటు వేసినా, చైనా మొజాయిక్ లేదా తెల్ల టైల్స్ పరిచినా పడిన ఎండలో ఎక్కువ భాగం వెనక్కి పోతుంది. రెండోది, మిగిలిన వేడి దిగకుండా అడ్డు వేయడం. ఒకప్పుడు మేస్త్రీలు మేడ మీద మట్టికుండలు బోర్లించి, పైన సున్నపు కాంక్రీటు పోసేవారు. కుండలోని గాలి వేడికి అడ్డుపడేది. ఇప్పుడు ఆ పనికి రెండంగుళాల గట్టి ఫోమ్ బోర్డులు వచ్చాయి. శ్లాబుకు ముందు వాటర్ ప్రూఫింగ్ చేసి, పైన బోర్డులు పరిచి, వాటి మీద సిమెంటు పొర, తెల్ల టైల్స్ వేస్తారు. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే ఇళ్ళ నిర్మాణ నియమావళి ప్రకారం పైకప్పు గుండా వేడి ప్రవహించే రేటు, డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు 1.2 వాట్లు మించకూడదు. మామూలు కాంక్రీటు శ్లాబుకు అది దాదాపు మూడు రెట్లు ఉంటుంది. రెండంగుళాల బోర్డు పరిస్తే సంహిత అడిగినదాంట్లో సగానికి దిగిపోతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. అడ్డు ఎప్పుడూ శ్లాబు పైన ఉండాలి. కింద సీలింగు కొట్టించుకుంటే కాంక్రీటు ఎప్పటిలాగే కాగుతుంది. రేకుల కింద థర్మోకోల్ అట్టలు కట్టే అలవాటు ఇంకా ప్రమాదం, నిప్పు అంటుకుంటే ఆపడం కష్టం. రేకుల ఇంటికి పైన తెల్లరంగు వేయడమే మేలు. ఆస్బెస్టాస్ రేకులైతే గీకడం, పొడిగా రుద్దడం చేయకూడదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

తెల్ల పైకప్పు వల్ల గది సాధారణంగా రెండు నుంచి అయిదు డిగ్రీల దాకా చల్లబడుతుందని మన దేశంలో చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి. రెండు డిగ్రీలకే ఇంత హడావుడా అని ఎవరైనా అడగవచ్చు. మనిషి చర్మం వేడి 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గదిలో గాలి అంతకు మించి కాగితే ఫ్యాను ఒంట్లోని వేడిని తీసుకుపోలేదు, చెమట ఆరడం ఒక్కటే దారి. ఆ చెమట మన తీరంలో త్వరగా ఆరదు. కాబట్టి 36 డిగ్రీల గదిని 34కు దింపడమంటే ఫ్యానును మళ్ళీ పనికొచ్చేలా చేయడం. పైగా థర్మామీటరుకు అందని సెగ కాగిన శ్లాబు నుంచి నేరుగా ఒంటి మీదికి దిగుతుంది, అదీ తగ్గుతుంది. 2010 మే నెల ఎండల్లో వెయ్యికి పైగా ప్రాణాలు పోయాక అహ్మదాబాద్ 2013లో దేశంలోనే మొదటి వేడి కార్యాచరణ ప్రణాళికను రాసుకుని, తర్వాత మురికివాడల కప్పులకు తెల్లరంగు వేయించింది. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల పైకప్పును చల్లబరచాలని లక్ష్యం పెట్టుకుంది.

ఈ నియమాలన్నీ ఆగిపోయే చోటే అసలు అవసరం మొదలవుతోంది. 2018 నాటి ఎకో నివాస్ సంహితను 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టే నివాసాలకే వర్తించేలా రాశారు. తెలంగాణ విధానం ఇళ్ళకు సంబంధించి తప్పనిసరి చేసింది 600 గజాల నుంచి. రెండూ ఇంచుమించు ఒకే కొలత. సబ్బవరంలో ఇల్లు కట్టుకునేవాడి స్థలం నూట యాభై, రెండు వందల గజాలు. ప్రభుత్వం ఇచ్చిన పట్టా పల్లెలో సెంటున్నర, పట్నంలో సెంటు. విశాఖ పేదల ఇళ్ళ స్థలాల కోసం 2020లో భూసమీకరణ చేసిన మండలాల్లో సబ్బవరం కూడా ఉంది. ఆనందపురం – అనకాపల్లి ఆరు వరుసల రహదారి, న్యాయ విశ్వవిద్యాలయం, వంగలిలో పెట్రోలియం విద్యాసంస్థ వచ్చాక ఊరు నాలుగు వైపులా పెరుగుతోంది. జీడిమామిడి తోటలు, సరుగుడు తోటలు ఉన్నచోట లేఅవుట్లు పడుతున్నాయి. చెట్టు నీడ పోయి, దాని బదులు శ్లాబు వస్తోంది. ఇప్పుడు వేసే పైకప్పు కింద రెండు తరాలు బతుకుతాయి. పెద్ద మేడలను పట్టించుకుని చిన్న డాబాలను వదిలేసే నియమం, ఏసీ కొనగలిగిన వాడిని కాపాడి, కొనలేనివాడిని ఎండకు వదిలేస్తోంది.

ఖర్చు మాటేమిటి అన్నది న్యాయమైన ప్రశ్న. తెలంగాణ విధానం విడుదల చేసినప్పుడు చెప్పిన లెక్క చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలు. ఆ లెక్కన కాలనీ ఇంటి కప్పుకు పదివేల లోపే అవుతుంది. ఆ ఇంటికి ప్రభుత్వం ఇచ్చిన సాయం 1.80 లక్షలు. అంటే ఇరవయ్యో వంతు. ఫోమ్ బోర్డులు, టైల్స్ పని ఇంకా చాలా ఎక్కువ అవుతుంది. అది మధ్యతరగతి ఇళ్ళకు, కొత్త కట్టడాలకు తగిన పద్ధతి. పేదల ఇంటికి ఏటా సున్నం వేసినా చాలు. పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్ల సోలార్ పలకలకు కేంద్రం 78,000 రూపాయల రాయితీ ఇస్తోంది. మంచి పథకమే, పలకల నీడ కప్పును కూడా కొంత కాపాడుతుంది. కానీ అదే కప్పు మీద కరెంటు పుట్టించడానికి సొమ్ము ఇచ్చి, కరెంటు అవసరాన్నే తగ్గించే తెల్లపూతకు పైసా ఇవ్వకపోవడం సరైన లెక్క కాదు. అద్దె ఇళ్ళకు ఈ సాయం మరీ అవసరం. కరెంటు బిల్లు కట్టేది అద్దెకున్నవారు, కప్పు యజమానిది. ఆయనకు ఖర్చు పెట్టాలన్న తొందర ఉండదు.

ఏసీలు చవకయ్యాయి కదా, తలా ఒకటి పెట్టుకుంటే పోలేదా అనేవారూ ఉన్నారు. ఏసీ కావాల్సిన రోజులు ఉన్నాయి, తేమను తీసే పని తెల్లరంగు చేయలేదు. కానీ కాగిన శ్లాబు కింద ఏసీ చల్లబరిచేది గదినే కాదు, ఆ శ్లాబును కూడా. అడ్డు వేసిన కప్పు కింద చిన్న ఏసీ తక్కువసేపు నడిచినా సరిపోతుంది. కరెంటు పోయిన రాత్రి ఏసీ ఇల్లు అరగంటలో మామూలవుతుంది. మంచి కప్పు కరెంటుతో పనిలేకుండా కాపాడుతుంది. మరో అభ్యంతరం మన ఊళ్ళలో ప్రతి డాబా మీదా కనబడుతుంది. రేపు పై అంతస్తు వేస్తామని స్తంభాల చువ్వలు అలాగే వదిలేస్తారు, ఆ కప్పు మీద డబ్బు పెట్టడం వృథా అనుకుంటారు. ఆ పై అంతస్తు పదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో వస్తుంది, చాలా ఇళ్ళకు రానే రాదు. అన్ని వేసవులూ ఉక్కలో ఉండాల్సిన పని లేదు, సున్నానికి పెట్టే ఖర్చు ఆ మధ్యకాలానికి గిట్టుబాటే. విశాఖ చుట్టుపక్కల దుమ్ము, బొగ్గు ధూళి ఎక్కువ, తెల్లరంగు త్వరగా మాసిపోతుందన్న మాట నిజం. అందుకే దీన్ని ఒకసారి చేసి మరిచిపోయే పనిగా చూడకూడదు. ఏటా ఎండలకు ముందు కప్పు కడగాలి, వాన నీళ్ళు నిలవకుండా వాలు సరిచేయాలి, అవసరమైతే మళ్ళీ పూత వేయాలి. నాచు పట్టిన తెల్లకప్పు తెల్లకప్పు కాదు.

చేయాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. లేఅవుట్లకు, ఇంటి ప్లాన్లకు అనుమతులిచ్చే విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ (వీఎంఆర్‌డీఏ), పంచాయతీలు స్థలం ఎంత చిన్నదైనా తెల్ల కప్పును ఒక షరతుగా చేర్చాలి. గృహనిర్మాణ సంస్థ చివరి బిల్లు చెల్లించే ముందు కప్పు పూతను కూడా తనిఖీ చేయాలి. అంగన్వాడీలు, పాఠశాలలు, ఆరోగ్య ఉపకేంద్రాల కప్పులను ముందుగా మార్చి చూపిస్తే ఊరు తానే నేర్చుకుంటుంది. పూత పనిని డ్వాక్రా సంఘాలకు అప్పగిస్తే నాలుగు ఇళ్ళకు కూలి కూడా దొరుకుతుంది. ప్రభుత్వం కదిలేదాకా ఆగాల్సిన పని ఇంటివారికీ లేదు. శివరాత్రి దాటగానే మేడ ఎక్కి కప్పు కడిగి సున్నం వేయండి. మేస్త్రీతో కొత్త శ్లాబు మాట్లాడుకుంటుంటే, వేడికి అడ్డు ఏం వేస్తున్నావని చువ్వల లెక్క కంటే ముందు అడగండి. ఇంట్లోనే ఉండమని జనానికి చెప్పే ప్రభుత్వం, ఆ ఇల్లు ఉండదగ్గదిగా చేసే బాధ్యతను కూడా తీసుకోవాలి.